కొత్త ఫ్లాట్లు కడితే మా అద్దె ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: మా వీధి చివర రెండేళ్లుగా పెద్ద అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పొద్దున్నే ఆ డ్రిల్లింగ్ మోతకే మెలకువ వస్తుంది. ఈలోపు మా ఓనరు రెండుసార్లు అద్దె పెంచాడు. కట్టేవన్నీ ఖరీదైన ఫ్లాట్లే, నాలాంటివాళ్లు ఆ గేటు కూడా దాటలేరు. ఇళ్లు పెరిగితే ధరలు దిగుతాయంటారే, మరి మాకేం ఒరిగింది? నెలాఖరు వస్తే టెన్షన్.

జవాబు 1: అందులో చేరేవాళ్లు ఎక్కడో ఒక ఇల్లు ఖాళీ చేసే కదండీ వస్తారు. అందులోకి ఇంకొకరు, వాళ్ల ఇంట్లోకి మరొకరు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఈ గొలుసును రికార్డుల్లో వెతికితే, తక్కువ ఆదాయం ఉన్న పేటల్లోనూ ఇళ్లు ఖాళీ అయినట్టు తేలింది. న్యూజిలాండ్ నగరం ఆక్లండ్‌లో 2016లో దాదాపు నాలుగింట మూడు వంతుల నివాస స్థలాల్లో ఎక్కువ ఇళ్లకు అనుమతిచ్చారు, నిర్మాణం బాగా పెరిగింది. కాకపోతే ఒక్క బిల్డింగుతో అయ్యే పని కాదు, ఏళ్లు పడుతుంది.

జవాబు 2: కొని తాళం వేసి పెట్టుకుంటే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో దాదాపు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో, సబ్సిడీ ఇళ్లలోనో ఉంటారు. అదీ కావాలి.

ప్రశ్న అడిగినవారు: గొలుసు సంగతి నాకు తట్టలేదు. పోయిన నెల మా పై వాటా ఖాళీ అయింది, వాళ్లు ఆ కొత్త ఫ్లాట్లోకే వెళ్లారు. టు లెట్ బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది. ఈసారి ఓనరు పెంచుతానంటే ఆ బోర్డు చూపించి మాట్లాడతాను.