ఇంటి సిమ్యులేటర్‌కు ఎయిర్‌బస్ ఎ320 తయారుచేస్తున్నాము: సిస్టమ్స్‌ను మళ్లీ మొదటి నుంచి రాయాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ముగ్గురు స్నేహితులం కలిసి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 కోసం ఎ320 యాడ్-ఆన్‌ను (సిమ్యులేటర్‌కు అదనంగా చేర్చుకునే విమానాన్ని) వీలైనంత వాస్తవికంగా తయారుచేయాలనే సంకల్పంతో ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాము. కాక్‌పిట్ మోడల్ చాలావరకు పూర్తయింది. అన్నీ ఆపి ఉన్న విమానాన్ని చెక్‌లిస్టు ప్రకారం సిద్ధంచేసి, ఎగిరి, దిగవచ్చు. అయితే ఆ వరుస నుంచి కాస్త పక్కకు తప్పితే విమానం ప్రవర్తన నమ్మేలా ఉండడం లేదు. ఒక జనరేటర్ పోతే ఏయే పరికరాలు ఆగాలో మేము ఒక్కొక్కటిగా షరతులు రాసుకున్నాము. జనరేటర్‌తో పాటు హైడ్రాలిక్ పంపు (విమాన భాగాలను కదిలించే ద్రవానికి పీడనం ఇచ్చేది) కూడా పోయినప్పుడు ఆ షరతులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఇంతవరకు రాసిన కోడ్‌ను పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలా? పెడితే ఏ సిస్టమ్‌తో మొదలుపెట్టాలి? ఇంజిన్ల ఇంధన వినియోగానికి నమ్మదగిన అంకెలు ఎక్కడ దొరుకుతాయి?

సమాధానం 1 (సిస్టమ్స్ కోడ్ రాసే సభ్యుడు)

మళ్లీ మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఎనిమిది నెలల శ్రమను వదులుకోమని చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ మీరు రాసినవి ఫలితాలు, రాయవలసినవి కారణాలు. ఏ తెర ఎప్పుడు ఆరిపోవాలో ఎక్కడా రాయకండి. ఆ తెరకు ఏ బస్ (పరికరాలకు కరెంటు పంచే లైను) నుంచి కరెంటు వస్తుందో, ఆ బస్‌కు ఏ కాంటాక్టర్ (కరెంటును కలిపే, తెంచే పెద్ద స్విచ్) ద్వారా ఏ జనరేటర్ నుంచి వస్తుందో మాత్రమే రాయండి. అప్పుడు రెండు లోపాలు కాదు, అయిదు లోపాలు ఒకేసారి వచ్చినా తెర తనంతట తానే సరైన సమయంలో ఆరిపోతుంది.

కాబట్టి విద్యుత్తుతో మొదలుపెట్టండి, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. తరువాత హైడ్రాలిక్స్ రాయండి. పీటీయూనే (రెండు హైడ్రాలిక్ సిస్టమ్స్ మధ్య శక్తిని అందించే పరికరాన్నే) తీసుకోండి. విమానంలో కూర్చున్నవారికి కుక్క మొరిగినట్టు వినిపించే ఆ శబ్దాన్ని చాలామంది ఇంజిన్ స్టార్టుకు ఒక ధ్వని ఫైలుగా తగిలిస్తారు. నిజానికి గ్రీన్, యెల్లో అనే హైడ్రాలిక్ సిస్టమ్స్ పీడనాల మధ్య తేడా 500 పీఎస్ఐ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) దాటినప్పుడు పీటీయూ నడుస్తుంది. అది ఒక సిస్టమ్ నుంచి మరొక సిస్టమ్‌కు శక్తిని మాత్రమే అందిస్తుంది, ద్రవాన్ని కాదు. మీ పీడనాల లెక్క సరిగా ఉంటే ఆ శబ్దం ఎప్పుడు రావాలో మీరు చెప్పనక్కరలేదు.

ఒక హెచ్చరిక. ఈ లెక్కలను తెర మీది ఫ్రేముల వేగానికి ముడిపెట్టకండి. ఫ్రేములు తగ్గినప్పుడు హైడ్రాలిక్ పీడనం అటూఇటూ ఊగిసలాడి లెక్క చెడిపోతుంది. గడిచిన కాలాన్ని కూడబెట్టుకుని, స్థిరమైన చిన్న అంచెలుగా లెక్కించండి. ఫ్లైబైవైర్ బృందం ఉచితంగా ఇస్తున్న ఎ32ఎన్ఎక్స్ అనే ఎ320 యాడ్-ఆన్ కోడ్‌ను చదివితే ఈ పద్ధతి స్పష్టమవుతుంది. అందులో సిస్టమ్స్‌ను రస్ట్ భాషలో రాసి వెబ్‌అసెంబ్లీగా మార్చారు. అయితే ఆ కోడ్ జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు 3వ వెర్షన్ కింద ఉంది. దాన్ని మీ ఉత్పత్తిలో కలిపి విడుదల చేస్తే మీ కోడ్‌ను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వవలసి వస్తుంది కనుక, అమ్మే ఆలోచన ఉంటే ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోండి.

సమాధానం 2 (విమాన నిర్వహణ ఇంజినీరు, శంషాబాద్)

పైన చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ హైడ్రాలిక్ లెక్క సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి ర్యాంపు (విమానాలు నిలిపే చోటు) మీద నేను రోజూ చూసే కొన్ని సందర్భాలు చెబుతాను. ఇంజిన్లు రెండూ ఆగి ఉండగా యెల్లో ఎలక్ట్రిక్ పంపును ఆన్ చేస్తే, పీటీయూ నడిచి గ్రీన్‌లో కూడా పీడనం పెరగాలి. అదే పంపు కార్గో తలుపు తెరిచేటప్పుడు కూడా నడుస్తుంది, కానీ అప్పుడు పీటీయూ నడవకూడదు. తలుపు కదలిక ఆగిన తరువాత 40 సెకన్ల వరకు కూడా నడవకూడదు. పార్కింగ్ బ్రేకు వేసి ఒక్క ఇంజిన్ మాస్టర్ స్విచ్ మాత్రమే ఆన్‌లో ఉన్నప్పుడు కూడా అది ఆగి ఉంటుంది. రెండవ ఇంజిన్‌ను స్టార్ట్ చేసేటప్పుడు తనను తాను పరీక్షించుకుంటుంది.

బ్యాటరీల విషయం కూడా చూడండి. వోల్టేజీ 25.5 కంటే తక్కువగా ఉంటే బయటి విద్యుత్తు ఇచ్చి దాదాపు 20 నిమిషాలు ఛార్జ్ చేయాలి. రాత్రంతా నిలిపి ఉంచిన విమానంలోకి ఉదయం ఎక్కితే ప్రతిసారీ ఒకే అంకె చూపించే యాడ్-ఆన్‌ను నేను వాస్తవికమని అనలేను.

సమాధానం 3

ఆటోథ్రస్ట్ (ఇంజిన్ల శక్తిని తానే సర్దే వ్యవస్థ) మోడ్‌ల గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. ఓపెన్ డిసెంట్ అనే కిందికి దిగే మోడ్‌లో ఇంజిన్లు ఐడిల్‌లో (అతి తక్కువ శక్తితో) ఉంటాయి, వేగాన్ని విమానం ముక్కుతోనే అదుపు చేయాలి. ఆటోపైలట్ లేనప్పుడు ఫ్లైట్ డైరెక్టర్లను (విమానాన్ని ఎటు నడపాలో తెర మీద పైలట్‌కు చూపేవాటిని) రెండింటినీ ఆపితేనే ఆటోథ్రస్ట్ వేగాన్ని నిలబెట్టే స్పీడ్ మోడ్‌కు మారుతుంది; ఒక్కటి మిగిలినా ఐడిల్‌లోనే ఉండిపోతుంది. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం రన్‌వేకు ముందే నేలను తాకి 92 మంది మరణించారు. దిగే చివరి దశలో విమానం ఐడిల్ ఓపెన్ డిసెంట్ మోడ్‌లో ఉండిపోవడం, వేగం పడిపోవడం ఆ ప్రమాదంలో కీలకమైన అంశాలు. ఈ ఒక్క తర్కాన్ని తప్పుగా రాస్తే, ఇంట్లో కూర్చుని నేర్చుకునే కుర్రవాడు, రేపు నిజంగా పైలట్ కావాలనుకునేవాడు, తప్పునే నేర్చుకుంటాడు. దయచేసి దీనికి సమయం కేటాయించండి.

సమాధానం 4

ఇంధన వినియోగానికి ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఇంజిన్ ఉద్గారాల డేటాబ్యాంక్ చూడండి. అది ఐరోపా విమాన భద్రతా సంస్థ వద్ద అందరికీ అందుబాటులో ఉంది. ప్రతి ఇంజిన్‌కూ 7, 30, 85, 100 శాతం థ్రస్ట్ వద్ద సెకనుకు ఎన్ని కిలోల ఇంధనం ఖర్చవుతుందో అందులో ఉంటుంది. అవి నేల మీద పరీక్షించిన విలువలు కనుక ఎత్తుకూ వేగానికీ తగిన సవరణ మీరే చేసుకోవాలి. విమానం కొలతలకు ఎయిర్‌బస్ ప్రచురించే విమానాశ్రయ ప్రణాళిక పత్రాలు సరిపోతాయి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. మేము ముగ్గురం మాట్లాడుకున్నాము. విద్యుత్తు, హైడ్రాలిక్స్‌ను సిమ్యులేటర్‌తో సంబంధం లేని విడి ప్రోగ్రాముగా ముందు రాస్తాము. శంషాబాద్ ఇంజినీరు గారు చెప్పిన సందర్భాలన్నీ దానికి పరీక్షలవుతాయి. వారికే ఇంకొక ప్రశ్న: పంపులన్నీ ఆగిన తరువాత పీడనం ఎంతసేపట్లో పడిపోవాలి?

సమాధానం 2 రాసిన సభ్యుడు

దానికి ఒకే అంకె లేదు. పక్కపక్కన నిలిపిన రెండు విమానాల్లో ఒకదానిలో త్వరగా, మరొకదానిలో నెమ్మదిగా పడిపోవడం నేను చూశాను. వాల్వుల లోపలి లీకేజీలు ఏ విమానానికి ఆ విమానానివే. అందువల్ల లీకేజీని ప్రతి విమానానికీ వేరుగా మార్చుకోగల విలువగా పెట్టండి. బ్రేకు అక్యుమ్యులేటర్‌ను (బ్రేకుల కోసం పీడనాన్ని నిల్వ ఉంచే పరికరాన్ని) మాత్రం అలా వదలకండి. అది నిండుగా ఉంటే కనీసం ఏడుసార్లు పూర్తిగా బ్రేకు వేయగలగాలి. పెడల్ తొక్కిన ప్రతిసారీ పీడనం చూపే ముల్లు కొంత దిగుతోందా లేదా అన్నది ముందు పరీక్షించి, ఫలితాన్ని ఇక్కడ రాయండి.