జిమ్నీకి 2 ఇంచుల లిఫ్ట్ చేయించాక స్టీరింగ్ తేలిపోతోంది, అలైన్‌మెంట్ ఎలా?

మట్టిదారి (హైదరాబాద్):
అన్నలూ ఒక డౌట్. పోయిన నెల మా జిమ్నీకి (మారుతి 4x4) బండిని 2 ఇంచులు పైకి లేపే లిఫ్ట్ స్ప్రింగులు, షాకులు వేయించా, చూడ్డానికి అదిరిపోయింది, అనంతగిరి గుట్టల దగ్గర బురదలో కూడా బాగానే ఎక్కింది. కానీ ఓఆర్ఆర్ మీద 80 దాటితే చాలు స్టీరింగ్ తేలిపోతోంది, మలుపు తిప్పి వదిలితే దానంతటది వెనక్కి రావట్లేదు, పైగా బండి నేరుగా పోతున్నా స్టీరింగ్ ఎడమకి వంకరగా ఉంటోంది. అలైన్‌మెంట్ షాపులో చూపిస్తే కంప్యూటర్లో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగున్న తేడా) పచ్చగా, క్యాస్టర్ (ముందు చక్రం మలుపు తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) రెండు వైపులా ఎర్రగా ఉంది, "ఈ బండికి అది అడ్జస్ట్ అవ్వదు సార్" అనేశాడు. వంకర పోవడానికి స్టీరింగ్ వీల్ ఊడదీసి తిప్పి బిగిస్తా అన్నాడు, ఎందుకో మనసొప్పక వద్దన్నా.

థార్_తమ్ముడు:
బ్రో నాకూ ఇదే, పై కంట్రోల్ ఆర్మ్‌లు మార్పించి క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకి వాలిన కోణం) సెట్ చేయిస్తే పోయింది.

జిప్సీ_బాబాయ్:
తమ్ముడూ నీ కొత్త థార్‌కి ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రానికి విడిగా పై, కింది ఆర్మ్‌లు), ఆయన జిమ్నీకి నిండు యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), మార్చడానికి పై ఆర్మ్ అనేదే లేదు. క్యాంబర్ యాక్సిల్‌తోనే వస్తుంది, అది తప్పిందంటే యాక్సిల్ వంగిందనో కింగ్‌పిన్ (చక్రం మలుపు తిరిగే పిన్ను) బేరింగులు పోయాయనో అనుకోవాలి.

మట్టిదారీ, నీ రోగం క్యాస్టరే. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడు, అందుకే చేతులు వదిలేసినా నేరుగా పోతుంది, నువ్వు బండి పైకి లేపేసరికి లీడింగ్ ఆర్మ్‌లు (యాక్సిల్‌ని ఛాసీకి పట్టే కడ్డీలు) కిందకి దిగి యాక్సిల్ తిరిగింది, ఆ వాలు పోయింది. ఆర్మ్ యాక్సిల్‌కి పట్టే చోట రంధ్రం పక్కకి ఉండే క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు దొరుకుతాయి, అవి ప్రెస్ చేయించుకో. (మా పాత జిప్సీకైతే కమాన్లు (పట్టీ స్ప్రింగులు) కదా, కింద వెడ్జ్ ముక్క పెడితే సరిపోయేది, ఆ రోజులే వేరు.) ఎక్కువ క్యాస్టర్ కోసం ఆశపడకు, డిఫరెన్షియల్ (యాక్సిల్‌లోని గేర్ల గుండు) మూతి కిందకి వాలి, దానికి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో వైబ్రేషన్ మొదలవుతుంది. ఇంకోటి, బుష్ బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే ఫుల్లుగా బిగించమను, జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది.

స్టీరింగ్ వీల్ ఊడదీయనివ్వకపోవడం మంచి పని. ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ సిస్టమ్) ఉన్న బండికి అలా చేస్తే స్టీరింగ్ ఎంత తిరిగిందో చూసే యాంగిల్ సెన్సార్ తికమక పడుతుంది. వంకర తీసేది డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే రాడ్డు) పొడవు మార్చి.

వైజాగ్_ఘాట్:
బాబాయ్ గారు చెప్పింది కరెక్టండి, వరస ఒకటి కలుపుతా. ముందు గాలి సమానంగా పట్టించండి. తర్వాత పానార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా ఛాసీకి కట్టే అడ్డ రాడ్డు), ఎందుకంటే లిఫ్ట్ చేస్తే అది యాక్సిల్‌ని ఒక పక్కకి లాగేస్తుంది, ఫెండర్ నుంచి టైరు ఎంత బయటికొచ్చిందో రెండు వైపులా కొలిస్తే తెలిసిపోద్ది, తేడా ఎక్కువుంటే పొడవు మార్చుకునే రాడ్ వేయించండి. ఆ తర్వాత క్యాస్టర్, టో, అన్నిటికన్నా చివర డ్రాగ్ లింక్. ముందే స్టీరింగ్ సెంటర్ చేసుకుంటే పానార్డ్ ముట్టుకోగానే మళ్ళీ పోద్ది.

టో ఇంట్లోనే చూసుకోవచ్చండి. చక్రం జాకీ మీద తిప్పుతూ టైరు మధ్యలో చాక్‌పీసుతో గీత గీయండి, రెండోదానికీ అంతే, బండి దించి కొంచెం ముందుకీ వెనక్కీ తోయండి, హబ్ ఎత్తులో గీతల మధ్య ముందొకసారి వెనకొకసారి టేపుతో కొలవండి. ముందు 2 మిల్లీమీటర్లు తక్కువుంటే చాలు.

మట్టిదారి:
థాంక్స్ బాబాయ్, థాంక్స్ అండి. ఇందాకే టేపు పట్టా, మా ఆవిడ రెండో చివర పట్టుకుంది, నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. టో 2 మిల్లీమీటర్లే, షాపు వాడు అబద్ధం చెప్పలేదు. యాక్సిల్ మాత్రం కుడి పక్కకి 11 మిల్లీమీటర్లు జరిగుంది!! బుష్‌లు ఆర్డర్ పెట్టా, పానార్డ్ రాడ్ కూడా కలిపేశా.