రాక్ క్రాలర్ ఇరుసు: పట్టేసిందా, ఒరిగిందా, మెలిపడుతోందా?

ప్రశ్న:
రిమోట్ రాక్ క్రాలర్ల (రాళ్ళ మీద నెమ్మదిగా ఎక్కే బొమ్మ బళ్ళ) మరమ్మతు మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. 1/10 సైజు బండి, ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలకీ కలిపి ఒకటే గట్టి ఇరుసు), వెనక నాలుగు లింకులు (ఇరుసుని చాసిస్‌కి, అంటే బండి చట్రానికి, కలిపే కడ్డీలు), ముందు మూడు లింకులూ ఒక పాన్‌హార్డ్ రాడ్డూ (ఇరుసు పక్కకి జరగకుండా ఆపే అడ్డ కడ్డీ). ఒక చక్రం రాయెక్కినప్పుడు ఇరుసు ఒక వైపు బాగా వాలుతుంది, రెండో వైపు సగంలో ఆగిపోతుంది. ‘అన్‌ఈవెన్ ఆర్టిక్యులేషన్’ అనే ఈ జబ్బుకి ‘అసమాన సంధి చలనం’ అని రాశాను. చదివినవాళ్ళకి మోకాళ్ళ నొప్పి గుర్తొస్తోందంటున్నారు. ‘ఇరుసు ఆట’ అనవచ్చా?

జవాబు:
‘ఆట’ వద్దండీ. మెకానిక్ నోట ఆట అంటే లూజు. ‘బేరింగులో ఆట వచ్చింది’ అంటే అరిగిందని అర్థం. మీ పాఠం చదివినవాడు వెళ్ళి రాడ్ ఎండ్లు (లింకుల చివర ఉండే బంతి కీళ్ళు) బిగిస్తాడు, జబ్బు ఇంకా ముదురుతుంది. ‘ఇరుసు వాలు’ అనండి. ‘ఇరుసు వాలు రెండు పక్కలా సమానంగా లేదు’ అంటే ఎవరికైనా అందుతుంది.

ఆ ఒక్క మాటతో పాఠం అయిపోదు. బండి ‘ఒక పక్క సరిగ్గా ఆడట్లేదు’ అనే ఫిర్యాదు వెనక మూడు వేరు వేరు జబ్బులుంటాయి. ఎక్కడో ఏదో అడ్డం పడి కదలిక ఆగితే అది పట్టేయడం. కదలిక బాగానే ఉన్నా బండి నిలబడినప్పుడే ఒక పక్కకి దిగి ఉంటే అది ఒరగడం. నిలబడినప్పుడు తిన్నగా ఉండి, థ్రాటిల్ ఇవ్వగానే చాసిస్ ఒక పక్కకి తిరిగితే అది మెలిపడటం. మూడింటికీ పరీక్షలు వేరు, మందులు వేరు. పాఠాన్ని ఈ మూడు మాటల మీదే నడపండి.

మరో సభ్యుడు:
నాలుగో మాట ఒకటి కలపాలి: ఐమూల. బట్టని ఐమూలగా మడవడం అంటామే, అదే. ఈ పరీక్షకి అంతకంటే సరైన మాట లేదు.

సమంగా ఉన్న నేల మీద బండి పెట్టి, ముందు ఎడమ చక్రం కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు ఒక్కొక్కటే పేర్చండి. మిగతా మూడింటిలో ఏదో ఒక చక్రం నేల వదిలే ఎత్తు రాసుకోండి. నాలుగు చక్రాలకీ అలాగే చేయండి. ముందు ఎడమ చక్రాన్ని లేపినా, వెనక కుడి చక్రాన్ని లేపినా రెండు ఇరుసుల మధ్య పడే మెలి ఒకే దిశది. అందుకే ఐమూల చక్రాల అంకెలు జతగా తగ్గుతాయి. ముందు ఎడమ, వెనక కుడి రెండూ తక్కువ వచ్చాయంటే రెండు జబ్బులున్నాయని కంగారుపడక్కర్లేదు. జబ్బు ఒక్కటే, అది ఏ ఇరుసు దగ్గరుందో ఈ పరీక్ష చెప్పదు, అంతే.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఏ ఇరుసుదో తేల్చేదెలా?

జవాబు:
చక్రాలు గాలిలో ఉండేలా చాసిస్‌ని స్టాండు మీద పెట్టండి. ఒక ఇరుసుకి షాకుల (కుదుపు తగ్గించే, స్ప్రింగు చుట్టిన నూనె గొట్టాల) కింది స్క్రూలు రెండూ తీసేయండి. ఇప్పుడు ఇరుసు తన బరువుకే కిందికి జారాలి. చేత్తో ఒక చివర పైకి, ఒక చివర కిందికి నడిపితే రెండు వైపులా ఒకే కోణం దాకా పోవాలి. అలా పోతే లింకుల వైపు తప్పు లేదు, షాకులు చూడాలి. పోకపోతే అక్కడ పట్టేసింది. అప్పుడు డ్రైవ్ షాఫ్టు (మోటార్ బలాన్ని ఇరుసుకి చేర్చే కడ్డీ), పాన్‌హార్డ్ రాడ్డు, పై లింకులు, కింది లింకులు ఈ వరసలో ఒక్కొక్కటే విప్పుతూ, ప్రతిసారీ ఇరుసు ఆడించి చూడండి. ఏది విప్పగానే వదులైందో అదే దొంగ. రెండు మూడు ఒకేసారి విప్పితే ఏదో తెలియదు.

డ్రైవ్ షాఫ్టు ముందెందుకంటే, ఒక పక్కే పట్టేయడానికి అది చాలా మామూలు కారణం. చాలా బళ్ళలో డిఫరెన్షియల్ హౌసింగ్ (షాఫ్టు బలాన్ని చక్రాలకి మళ్ళించే గేర్ల డబ్బా) ఇరుసు మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఆ పక్క చక్రం లేచినప్పుడు పినియన్ (షాఫ్టు తిప్పే చిన్న గేరు) కూడా ఎక్కువ పైకి పోతుంది. షాఫ్టు ఒకదానిలో ఒకటి జారే రెండు ముక్కలది; కుదించుకునే చోటు చాలక లోపలి ముక్క చివరికి తగిలితే ఇరుసు అక్కడే ఆగుతుంది. రెండో పక్క ఆ ఇబ్బంది ఉండదు. షాఫ్టు లోపలి ముక్కని కాస్త కోస్తే చాలు, కానీ ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు రెండు ముక్కలూ విడిపోకుండా పట్టు మిగలాలి.

మరో సభ్యుడు:
లింకుల సంగతి విపులంగా రాయాలి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఇరుసు వాలినప్పుడు ప్రతి లింకూ తన పొడవు చుట్టూ కొంచెం మెలి తిరగాలి. ఆ మెలికి చోటిచ్చేది రాడ్ ఎండ్‌లోని బంతి. బిగించేటప్పుడు ఒక చివర కన్ను (స్క్రూ దూరే రంధ్రం) ఒక వైపు, రెండో చివర కన్ను ఇంకో వైపు తిరిగి ఉంటే ఆ చోటు సగం ముందే ఖర్చయిపోతుంది. బండి సమంగా ఉన్నప్పుడు లింకుని మధ్యలో పట్టుకుని మెలిపెట్టి చూడండి, అటూ ఇటూ సమానంగా కదలాలి.

పొడవులు కూడా వెర్నియర్‌తో కన్ను మధ్య నుంచి కన్ను మధ్యకి కొలవాలి. జత లింకుల మధ్య 0.5 మిల్లీమీటర్ కంటే తేడా ఉండకూడదు. ఎం3 (3 మిల్లీమీటర్ల) మర ఒక చుట్టుకి 0.5 మిల్లీమీటర్ కదులుతుంది. రాడ్ ఎండ్‌ని సగం చుట్టు చొప్పున తిప్పితే కన్ను మళ్ళీ అదే తలానికి వస్తుంది, పొడవు 0.25 మారుతుంది. పావు చుట్టు దగ్గర ఆపితే కన్ను అడ్డం తిరుగుతుంది.

ఇరుసు మీదే సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్) ఉన్న బళ్ళలో సర్వో వైరు కూడా చూడమని రాయండి. వైరు బిగుతుగా కడితే ఒక పక్క వాలినప్పుడు అదే పగ్గంలా లాగుతుంది.

జవాబు:
షాకుల దగ్గర: స్ప్రింగులు తీసి, రాడ్డుని చివరిదాకా నొక్కండి. కొన్ని మిల్లీమీటర్ల ముందే గట్టిగా ఆగిపోతే నూనె ఎక్కువైంది. లోపలికొచ్చే రాడ్డుకి చోటు లేదు. రాడ్డు పూర్తిగా బయట ఉంచి నూనె పోసి, నెమ్మదిగా ఆడించి బుడగలు పోయాక, రాడ్డుని సగం లోపలికి నెట్టి, పొంగిన నూనె తుడిచి మూత పెట్టాలి. నూనె సిలికాన్‌దే వాడాలి. పెట్రోలియం నూనె పోస్తే సిలికాన్ ఓ-రింగులు ఉబ్బి రాడ్డుని పట్టేస్తాయి. రాడ్డు వంగిందో లేదో అద్దం మీద దొర్లిస్తే తెలుస్తుంది.

ఒరగడానికి మందు వేరు. స్ప్రింగులు నాలుగూ విప్పి పక్కపక్కన నిలబెట్టండి, కూర్చుండిపోయిన స్ప్రింగు పొట్టిగా కనిపిస్తుంది. బ్యాటరీ ఒక పక్కకి ఉందేమో చూడండి. తర్వాత నాలుగు వంటింటి కాటాల మీద నాలుగు చక్రాలు పెట్టి బరువు చూడండి. ఒక మూల కాలర్ (షాకు మీద స్ప్రింగుని నొక్కే రింగు) బిగిస్తే ఆ మూలతో పాటు దాని ఐమూల చక్రం మీదా బరువు పెరుగుతుంది. ఒరిగిన మూలనే బిగించుకుంటూ పోతే బండి తిన్నగా కనిపిస్తుంది గానీ, మిగతా రెండు చక్రాలు రాయి మీద పట్టు కోల్పోతాయి.

ప్రశ్న అడిగినవారు:
మెలిపడటం మోటార్ వల్లే కదండీ? దాన్ని పూర్తిగా పోగొట్టవచ్చా?

జవాబు:
మోటార్ బలం షాఫ్టు ద్వారా ఇరుసుకి చేరుతుంది. షాఫ్టు ఏ వైపు తిరుగుతుందో దానికి ఎదురు వైపు చాసిస్ తిరగాలని చూస్తుంది. ఆ బలాన్ని మోసేది స్ప్రింగులే. కాబట్టి స్ప్రింగులు మెత్తనైన కొద్దీ మెలి ఎక్కువ. పూర్తిగా పోదు, తగ్గుతుంది. థ్రాటిల్‌కి దిగే పక్క వెనక స్ప్రింగు ఒక మెట్టు గట్టిది వేస్తారు, లేదా వెనక షాకుల్లో చిక్కటి నూనె పోస్తారు. నూనె ఆ మెలి వచ్చే వేగాన్నే తగ్గిస్తుంది, థ్రాటిల్ పట్టి ఉంచితే మెలి పూర్తిగా వస్తుంది. ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4 లాంటి పోర్టల్ ఇరుసు బళ్ళలో ఇది తక్కువ. చక్రం దగ్గరే ఇంకో జత గేర్లు వేగం తగ్గిస్తాయి కనుక, అదే లాగుడుకి షాఫ్టు మీద తక్కువ బలం చాలు.

పాఠంలో క్రమం మాత్రం మార్చకండి: ముందు పట్టేసింది విడిపించాలి, తర్వాత ఒరుగు సరిచేయాలి, ఆఖరున మెలి సంగతి. పట్టేసిన ఇరుసు మీద స్ప్రింగులు మారిస్తే కాటా అంకెలు బండిని కదిపినప్పుడల్లా మారుతుంటాయి.