పాత మిషన్ చర్చిని బాగుచేసి అందరికీ పనికొచ్చేలా చెయ్యాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

సంఘ కార్యదర్శి, నంద్యాల జిల్లా:
అందరికీ వందనాలు. మాది నల్లరేగడి ఊరు. దళితుల పేటలో మిషనరీల కాలంనాటి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చి ఉంది. రాతి గోడలు, సున్నం పని, టేకు దూలాల మీద మంగళూరు పెంకులు, కింద బేతంచెర్ల నాపరాళ్ళు. ఇప్పుడు కప్పు కారుతోంది. గోడలకు నడుం ఎత్తు దాకా ఉప్పు పూస్తోంది. కిటికీ మీద నుంచి ఒక పగులు పైకి పాకింది. సీసీ రోడ్డు మీద రోడ్డు వేసి వేసి, వీధి చర్చి అరుగు కంటే ఎత్తయింది. కుర్రోళ్ళు కూలగొట్టి స్లాబు వేద్దామంటున్నారు. నాకేమో ఉన్నదాన్నే బాగుచేసి, ఆరాధన లేని రోజుల్లో పిల్లల సాయంత్రం చదువులకు, పొదుపు సంఘాల మీటింగులకు, కంటి శిబిరాలకు ఇవ్వాలని ఉంది. డాలస్‌లో ఉన్న మా ఊరివాళ్ళు డబ్బు పంపుతామంటున్నారు.

గుంటూరు నుంచి ఒకరు:
అన్నా, ఏమీ అనుకోవద్దు, కూలగొట్టడమే మేలు. పాతదానికి ఎంత పోసినా పాతదే. మా వైపు అందరూ స్లాబులే వేశారు.

పాత కట్టడాల ఇంజనీరు:
స్లాబులు వేశారు సరే, మే నెలలో మధ్యాహ్నం వాటి కింద పిల్లల్ని కూర్చోబెట్టి చూడండి. ఎత్తయిన పెంకుటి కప్పు, మందం గోడలు ఉన్న హాలు ఇప్పుడు కట్టాలంటే ఎవరి తరమూ కాదు.

కార్యదర్శి గారూ, మీరు చెప్పిన జబ్బులు మూడూ నీళ్ళవే. ముందు నీళ్ళ సంగతి తేలాలి. అప్పటిదాకా రంగుల మాట, గచ్చు మాట ఎత్తకండి.

మొదట కప్పు. పెంకులన్నీ దించి ఒక్కోదాన్నీ వేలితో కొట్టండి. ఖంగుమన్నది మంచిది, డొల్లగా పలికింది పగిలింది. తక్కువ పడితే కూల్చేసిన పాత బళ్ళ దగ్గర, పాత ఇళ్ళ దగ్గర అదే సైజు దొరుకుతాయి. దూలాల్లో గోడలోకి దూరిన కొనలే ముందు పుచ్చుతాయి, అక్కడ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. కొన పుచ్చితే ఆ మేరకు కోసి కొత్త టేకు అతికించొచ్చు, దూలం మొత్తం మార్చక్కర్లేదు. రేకులు మాత్రం వద్దు.

రెండోది నేల. గోడ చుట్టూ పేరుకున్న మట్టి తీసేసి, నీళ్ళు గోడకు దూరంగా పారేలా వాలు పెట్టండి. రోడ్డు వైపు కంకర నింపిన కాలవ కావాలి, కానీ పునాది అడుగు కంటే లోతు తవ్వొద్దు. ఈసారి రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వి తీశాకే వెయ్యమని పంచాయతీకి ఇప్పుడే రాసిచ్చి, రసీదు తీసుకోండి.

పగులుకి తొందరపడకండి. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, దాంతోపాటు గోడా కదులుతుంది. పగులుకు అడ్డంగా సన్నటి గాజుపలక ఒకటి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ రాయండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. ఎండా వానా రెండూ చూశాకే పగులు బాగుచెయ్యండి. ఈలోపు గోడ దగ్గర కుళాయి గానీ పెద్ద చెట్టు గానీ ఉందేమో చూడండి. గోడలో రావి మొక్క మొలిస్తే పట్టి లాగొద్దు, రాళ్ళు కదులుతాయి. కోసి, వేరు చచ్చేలా మందు వెయ్యాలి.

సంఘ కార్యదర్శి:
సార్, ఉప్పు పూసిన చోట కింద మూడడుగులు ఇదివరకే సిమెంటు కొట్టించారు. అదీ పెచ్చులూడుతోంది.

పాత కట్టడాల ఇంజనీరు:
ఊడుతుంది మరి. చెమ్మ సున్నంలోంచి ఆరిపోతుంది, సిమెంటులోంచి ఆరలేదు. దారి లేక గోడలోనే పైకి ఎక్కుతుంది. రాయి దెబ్బతినకుండా చిన్న ఉలితో ఆ సిమెంటు తీసేసి, గోడను కొన్నాళ్ళు అలాగే ఆరనివ్వండి. పైకి తేలిన ఉప్పు పొడిగా ఊడ్చెయ్యండి, కడగొద్దు.

తర్వాత సున్నం. కాల్చిన సున్నపురాయిని గుంటలో చల్లార్చి, నీళ్ళ కింద వారాల తరబడి నానాలి. ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక వేసి గానుగలో రుబ్బాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు మన మేస్త్రీలు కలిపేవే. పూత పల్చగా పొరలు పొరలుగా వెయ్యాలి, తడి గోనెపట్టాలు కప్పాలి. సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా రాయిలా గట్టిపడుతుంది. మండుటెండలో చేస్తే ముందే ఎండి పొడిగా రాలిపోతుంది. పైన ఎమల్షన్ రంగులు వద్దు, ఏటా క్రిస్మస్ ముందు వెల్ల వెయ్యండి చాలు. నాపరాళ్ళ మీద టైల్స్ కూడా పరచొద్దు.

రిటైర్డ్ తహసీల్దారు:
పనికి ముందు కాగితం. సి.ఎస్.ఐ. ఆస్తులు మామూలుగా ఆ ట్రస్టు అసోసియేషన్ పేరున ఉంటాయి, సంఘం పేరున కాదు. అధ్యక్ష మండలం (డయోసిస్) నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి. అడంగల్‌లో, ఇ.సి.లో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఇప్పటికీ పాత మిషన్ సొసైటీ పేరే ఉందేమో చూడండి. స్థలం గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉంటే ఇంటి పన్ను రసీదులు, పాత ఫొటోలు కూడా పనికొస్తాయి. ఎవరికీ లీజు రాయొద్దు. వాడుకోవడానికి మాత్రమే అని ఏడాదికొకసారి మార్చుకునే ఒప్పందం చాలు.

ఆడిటర్:
డాలస్ డబ్బు దగ్గర జాగ్రత్త. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు మళ్ళించకూడదు. కాబట్టి రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తీసుకుంటే ఖర్చు కూడా అదే పెట్టాలి. ‘మా తమ్ముడి ఖాతాకు వేస్తా’ అనే మాట అసలు రానివ్వకండి.

పాస్టరు, ఖమ్మం జిల్లా:
బల్లపీఠం వైపు ఒక తెర గానీ మడత తలుపు గానీ పెట్టండి. అటు పరిశుద్ధ స్థలం, ఇటు హాలు. మన పల్లె చర్చిల్లో చాపల మీదే కూర్చుంటాం కాబట్టి, చాపలు చుట్టేస్తే బడి తయారు. గుడిలో లోకం పనులేమిటని ఎవరైనా అంటే మెదక్ చర్చి సంగతి చెప్పండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిని పాస్నెట్ అనే మిషనరీ దొర కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టించాడు.

సంఘ కార్యదర్శి:
అయ్యగారూ, ఒక భయం ఉంది. చర్చి పేటలో ఉంది. ఊళ్ళోవాళ్ళు వస్తారా?

పాస్టరు, ఖమ్మం జిల్లా:
ముందు పేట పిల్లలకు పనికొచ్చేలా చెయ్యండి తమ్ముడూ. ఊరి కోసం కాచుకుని కూర్చుంటే తలుపు తెరవనే తెరవరు. కంటి డాక్టరు వచ్చిన రోజు ఎవరు వస్తారో మీరే చూస్తారు. వచ్చినవాళ్ళ చేతికి కరపత్రం ఇవ్వకండి, మంచినీళ్ళు ఇవ్వండి.

పొదుపు సంఘం లీడరు, కర్నూలు:
అన్నా, మీటింగులకు అంటున్నారు కదా, మరుగుదొడ్డి సంగతి ఒక్కరూ అడగలేదు. అది లేకపోతే ఆడవాళ్ళు గంట కూడా కూర్చోరు. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఇవి కూడా ముందే రాసుకోండి.

సంఘ కార్యదర్శి:
నిజమే అక్కా, మరుగుదొడ్డి అంచనాలో లేదు, కలుపుతున్నాం. చర్చి గోడకు దూరంగా, పల్లం వైపు కట్టిస్తాం. తాళాలు రెండు: ఒకటి సంఘ పెద్ద దగ్గర, ఒకటి మా ఊరి పొదుపు సంఘం దగ్గర.