ఇల్లు లేనివాళ్లు పఠన మందిరానికి వస్తున్నారు: నిబంధనలు, కాగితాల సాయం ఎలా?

శాఖా_గ్రంథాలయం:
బస్టాండులో, ఆసుపత్రి బయట పడుకునేవాళ్లు రోజూ ఆరేడుగురు మా పఠన మందిరానికి వస్తారు. పేపరు చదువుతారు, ఫోను చార్జింగ్ పెట్టుకుంటారు, కొందరు కునుకు తీస్తారు. వాసన వస్తోందని గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఫిర్యాదు రాసిచ్చారు. రావద్దనడం మాకు ఇష్టం లేదు. గోడ మీద నిబంధనలు ఎలా రాయాలి? ఆధార్, ఓటు విషయంలో మేం చేయగల సాయం ఏమిటి?

పాత_గ్రంథపాలకుడు:
డిపాజిట్టు, సభ్యత్వం పుస్తకం ఇంటికి తీసుకెళ్లేవాళ్లకే. కూర్చుని చదివేవాళ్లను కార్డు అడగక్కర్లేదు.

బోర్డు మీద మనిషి గురించి ఒక్క మాటా ఉండకూడదు, చేసే పని గురించే రాయండి. ‘శుభ్రమైన దుస్తులతో రావాలి’ తీసేయండి. ‘బల్లల మీద పడుకోరాదు’, ‘తాగి రారాదు’, ‘సంచి కుర్చీ కింద పట్టాలి’, ‘చార్జింగ్ ఒక్కొక్కరికి గంట’ చాలు. ఇవి గ్రూప్స్ పిల్లలకూ వర్తించాలి. కూర్చుని కునికేవాళ్లను లేపకండి. పిలిచినా పలకకపోతే మాత్రం అది నిద్ర కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎండాకాలంలో ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బే. తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ ఉండండి, స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.

వాసన సంగతి అందరి ముందూ ఎత్తకండి. పక్కకు పిలిచి, స్నానం ఎక్కడ చేయొచ్చో చెప్పి, సబ్బు ఇచ్చి, ‘సాయంత్రం రండి’ అనండి. చాలామంది స్నానానికి వెళ్లకపోవడానికి కారణం సంచి. బయట పెడితే పోతుంది, లోపలికి తీసుకెళ్తే తడుస్తుంది. టోకెన్ ఇచ్చి ఒక గంట మీ కౌంటరు వెనక పెట్టించండి. సగం ఫిర్యాదులు అక్కడే తగ్గుతాయి.

రాత్రిబస:
ఆధార్ పోయినవాళ్ల చేత కొత్తగా నమోదు చేయించకండి. వేలిముద్రలు పాతవాటితో కలిసి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. ఆధార్ కేంద్రంలో పేరు, జిల్లా లేదా పిన్‌కోడ్ చెప్పి, వేలిముద్ర వేసి పాత నంబరు వెతికించాలి. చిక్కు ఎక్కడంటే, ఏ ఊళ్లో నమోదయ్యారో, పేరు ఎలా రాయించారో వాళ్లకు గుర్తుండదు. మీ దగ్గర కూర్చోబెట్టి పుట్టిన మండలం, తండ్రి పేరు, ఇంటిపేరు ముందూ వెనకా రాసిన రకాలు అన్నీ కాగితం మీద పెట్టి పంపండి. కూలిపని చేసి వేలిముద్రలు అరిగిపోతే కంటిపాపతో చూడమని అడగండి.

చిరునామా మార్చాలంటే ఆధార్ సంస్థ నమూనాలోని ధ్రువపత్రం కావాలి. తహసీల్దారు గానీ మున్సిపల్ కౌన్సిలర్ గానీ గుర్తింపు ఉన్న ఆశ్రయ కేంద్రం అధిపతి గానీ సంతకం చేయొచ్చు. మూడు నెలలే చెల్లుతుంది. ఫొటో మీద సంతకం, ముద్ర పడ్డాయో లేదో చూసుకోండి. అక్కడే ఎక్కువ వెనక్కి వస్తాయి.

ఓటుకు ఫారం 6లో నిజంగా పడుకునే చోటు రాయండి. బూత్ అధికారి ఒకటికంటే ఎక్కువ రాత్రులు వచ్చి చూసి నిర్ధారిస్తే నివాసానికి వేరే రుజువు అక్కర్లేదు. ఆ రోజుల్లో చోటు మార్చొద్దని ముందే చెప్పాలి.

లక్ష జనాభాకు ఒక ఆశ్రయ కేంద్రం, అదీ ఏడాది పొడవునా 24 గంటలూ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీ ఊళ్లో ఎక్కడుందో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కార్యాలయంలో అడగండి. పంపేముందు ఫోన్ చేసి ఖాళీ ఉందా, మగవాళ్లకా ఆడవాళ్లకా, భార్యాభర్తలను కలిపి ఉంచుతారా కనుక్కోండి. అడగకుండా పంపితే గుమ్మం దగ్గరే తిప్పి పంపుతారు, ఆ మనిషి మళ్లీ మిమ్మల్ని నమ్మడు.

న్యూజెర్సీ_తెలుగు:
బోర్డు గురించి పైన చెప్పింది ఇక్కడ అమెరికాలో కోర్టులో తేలిన విషయమే. మోరిస్‌టౌన్ గ్రంథాలయం కేసులో 1992లో అప్పీలు కోర్టు చదువుకునే హక్కును గుర్తించింది, ఇతరులు భరించలేనంత దుర్వాసన ఉంటే బయటికి పంపే నిబంధననూ నిలబెట్టింది. 2001లో వాషింగ్టన్ నగర గ్రంథాలయం కేసులో మాత్రం, మనిషి వాలకం చూసి ఆపే నిబంధన అస్పష్టమని కొట్టేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో గ్రంథాలయం 2009లోనే సామాజిక కార్యకర్తను నియమించుకుంది. మీకు జీతం ఇచ్చే వీలు లేకపోతే, ఆశ్రయ కేంద్రం మనిషిని వారానికి ఒక రోజు, ఒకే వేళకు, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. రోజు మారితే ఎవరూ రారు.

శాఖా_గ్రంథాలయం:
తనలో తానే మాట్లాడుకునే ఒకాయన ఉన్నారు. ఎవరికీ హాని చేయరు. పోలీసులకు చెప్పాలా?

రాత్రిబస:
హాని లేకపోతే కూర్చోనివ్వండి. ఏం చేయాలో తోచకపోతే మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలి మానస్ 14416కి ఫోన్ చేసి మీరే సలహా అడగొచ్చు. తిండీ నీళ్లూ మానేసి తనను తాను చూసుకోలేని స్థితికి వస్తే స్టేషన్‌కు చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు ఆయన్ను 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఫోన్‌లో ఆ సెక్షన్ పేరు చెప్పి మాట్లాడండి, ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడారో రాసి పెట్టుకోండి.