ఇంటి పనుల లెక్కంతా ఏఐ చాట్‌బాట్‌కి అప్పజెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారిపిల్ల:
అందరికీ నమస్తే. మేమిద్దరం ఉద్యోగాలే, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. కరెంటు బిల్లు, పాల లెక్క, చీటీ డబ్బులు, అత్తయ్యగారి బీపీ మాత్రలు ఎప్పుడు అయిపోతాయి, పెద్దోడి స్కూల్ గ్రూపులో వచ్చే మెసేజ్‌లు, అన్నీ నా బుర్రలోనే తిరుగుతుంటాయి. మావారిని అడిగితే "ఏం చెయ్యాలో చెప్పు, చేసేస్తా" అంటారు, ఆ చెప్పడమే పెద్ద పని అని ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఆఫీసులో ఒకమ్మాయి చాట్‌జీపీటీతో ఇల్లు మొత్తం నడిపేస్తున్నా అంటోంది. నిజంగా పనికొస్తుందా, నాలుగు రోజుల ముచ్చటేనా? తెలుగు అర్థమవుతుందా దానికి?

కూకట్‌పల్లి_రవి:
పనికొస్తుందండీ, కానీ గుర్తుచేసే పని దానికి ఇవ్వకండి, సర్దిపెట్టే పని ఇవ్వండి. నేను ఆదివారం పొద్దున మైక్ నొక్కి నోటికొచ్చిందల్లా చెప్పేస్తా, "పన్నెండో తారీఖు లోపు ఫీజు కట్టాలి, గ్యాస్ బుక్ చెయ్యాలి, ఆ మధ్యలో మా మరదలి సీమంతం ఉంది" ఇలా, వరస ఉండదు పాడూ ఉండదు. చివర్లో "పని, తారీఖు, ఎవరు చెయ్యాలి, మూడు కాలమ్స్‌తో టేబుల్ వేసివ్వు, నేను చెప్పనిది కలపొద్దు" అంటా. ఆ టేబుల్ చూసి తారీఖులన్నీ గూగుల్ క్యాలెండర్‌లో వేసుకుంటాం, అలారం కొట్టేది అదే. ఒకే చాట్‌లో నెలల తరబడి రాస్తూ పోతే పాతవి జారిపోతాయి, అందుకే లిస్టు వేరే నోట్స్‌లో దాచుకుని కొత్త చాట్‌లో పేస్ట్ చెయ్యండి. తెలుగుకి ఢోకా లేదు, గూగుల్ వాళ్ల చాట్‌బాట్ జెమినై యాప్ 2024 జూన్‌లో మన దేశంలో దిగినప్పుడే తెలుగుతో కలిపి తొమ్మిది మన భాషల్లో వచ్చింది.

శాస్త్రిగారబ్బాయి:
ఒక్క విషయం అక్కా, తిథులు మాత్రం దాన్ని అడక్కు. మా తాతగారి ఆబ్దికం మార్గశిర బహుళంలో వస్తుంది, బాట్‌ని అడిగితే నెల ముందు తారీఖు చెప్పింది! సంగతేంటంటే ఉత్తరాదిలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో, శుక్ల పక్షం ఇద్దరికీ ఒకే నెల పేరుతో వస్తుంది గానీ బహుళ పక్షం వచ్చేసరికి వాళ్లు నెల పేరు మార్చేస్తారు. ఇది వాళ్ల లెక్క పట్టుకుంది. అదీ ఏమాత్రం తడబడకుండా చెప్తుంది చూడు, నమ్మేస్తాం. గంటల పంచాంగం చూసుకో, లేదా మీ పురోహితుణ్ణి అడుగు.

నీలిమేఘం:
దాంట్లో ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు మాత్రం పెట్టకండి ప్లీజ్. చాట్‌జీపీటీలో సెట్టింగ్స్, డేటా కంట్రోల్స్‌లోకి వెళ్లి మోడల్‌ని మెరుగుపరచడానికి మన చాట్స్ వాడుకునే ఆప్షన్ ఆఫ్ చేసుకోవచ్చు. అత్తయ్యగారి మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్క వరకు ఓకే, డోసు తగ్గించాలా పెంచాలా అని అడగొద్దు, అది డాక్టర్ పని.

పాతకాలంమనిషి:
ఇదంతా దేనికమ్మా, గోడ క్యాలెండర్ మీద పెన్నుతో గీతలు పెడితే పాల లెక్క అయిపోదూ 😄

కూకట్‌పల్లి_రవి:
@పాతకాలంమనిషి పాల వరకు మీదే రైటండీ! బాట్‌కి పొడుగు లిస్టు ఇచ్చి కూడమంటే ఒక్కోసారి మొత్తం తేడా కొడుతుంది, మా ఇంట్లో కూడికలు ఎక్సెల్‌లోనే.

గోదారిపిల్ల:
అందరికీ థాంక్స్ అండీ. రాత్రే రవిగారు చెప్పినట్టు చేశా. "ఎవరు చెయ్యాలి" కాలమ్‌లో వరసగా నా పేరే పడింది, అది మావారికి చూపించా, ఏమీ అనకుండా గ్యాసు, కరెంటు, స్కూల్ గ్రూపు మూడూ తన పేరు మీదకి మార్చుకున్నారు. సరే గానీ క్యాలెండర్ ఆయనకీ కనబడాలంటే ఎలా?

కూకట్‌పల్లి_రవి:
ల్యాప్‌టాప్‌లో క్యాలెండర్ తెరిచి, ఎడం పక్క మీ క్యాలెండర్ పేరు దగ్గర మూడు చుక్కలు నొక్కండి, సెట్టింగ్స్ అండ్ షేరింగ్‌లో ఆయన జీమెయిల్ కలపండి. మార్పులు చేసే పర్మిషన్ కూడా ఇవ్వండి, లేకపోతే మళ్లీ ఎంట్రీలన్నీ మీరే కొట్టాలి.