పదేళ్ల పిల్లవాడిని బోనులో నిలబెట్టవచ్చా? ఆస్ట్రేలియా చట్టంపై చర్చ

పశ్చిమ మెల్‌బోర్న్ వాసి:
మా విక్టోరియా రాష్ట్రంలో పిల్లలపై నేరం మోపగలిగే కనీస వయసును 10 నుంచి 12కు పెంచుతూ 2024లో చట్టం చేశారు. 14 చేస్తామన్న మాటను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది, మంచిదే. నన్నడిగితే 12 కూడా అనవసరం. మా వీధిలో అర్ధరాత్రి ఒక ఇంటి పెరటి తలుపు పగలగొట్టి, కారు తాళాలు వెతికి తీసుకుని, ఆ ఇంటివాళ్ల కారులోనే వెళ్లిపోయారు. మర్నాటి నుంచి మా ఆవిడ తాళాల గుత్తిని బియ్యం డబ్బాలో దాస్తోంది. దొరికినవాళ్లలో ఒకడికి పదమూడేళ్లు, అప్పటికే బెయిలు మీద ఉన్నాడు. హక్కులన్నీ వాడికేనా, మాకేమీ లేవా?

సిడ్నీ న్యాయవాది:
మీ భయం అర్థమైందండీ. కానీ మీరు చెప్పిన కుర్రాడికి పదమూడు. కొత్త చట్టం ప్రకారం కూడా వాడిపై కేసు పెట్టవచ్చు. 10 నుంచి 14 ఏళ్ల మధ్యవారి విషయంలో డోలీ ఇన్‌కపాక్స్ అనే పాత సూత్రం ఒకటుంది. తాను చేస్తున్నది అల్లరి కాదు, ఘోరమైన తప్పు అని ఆ బిడ్డకు తెలుసని ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. 2016లో ఆర్‌పీ అనే కుర్రాడి కేసులో హైకోర్టు (ఇక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) ఇంకో అడుగు ముందుకు వేసింది. పని ఎంత దారుణమైనదైనా, అది చేశాడు కాబట్టి తప్పని తెలిసే ఉంటుందని ఊహించుకోవడం కుదరదంది. పదకొండున్నరేళ్ల వయసులో జరిగినదానికి పడిన శిక్షను కొట్టేసింది.

పశ్చిమ మెల్‌బోర్న్ వాసి:
అంత గట్టి రక్షణ ఉన్నప్పుడు వయసు పెంచడం దేనికి?

సిడ్నీ న్యాయవాది:
ఆ రక్షణ పనిచేసేది విచారణ రోజున. అరెస్టు, వేలిముద్రలు, రిమాండు అన్నీ అంతకు ముందే జరిగిపోతాయి. ఈ దేశంలో ఏ రాత్రి లెక్క తీసినా నిర్బంధ కేంద్రాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది శిక్ష పడినవారు కారు, రిమాండులో ఉన్నవారు. వారిలో సగానికి పైగా ఆదివాసీ పిల్లలు. పిల్లల జనాభాలో వారి వాటా పదో వంతు కూడా లేదు. వారాల తరబడి లోపల ఉన్నాక నిర్దోషి అన్నా, పోయిన బడి తిరిగి రాదు.

హైదరాబాదు నుంచి:
మన దేశంలో ఏడేళ్లే కదా! అక్కడి పదికి ఇంత గొడవెందుకు?

సిడ్నీ న్యాయవాది:
భారతీయ న్యాయ సంహితలో ఏడేళ్లే, నిజం. ఏడు నుంచి పన్నెండు లోపు అయితే పరిణతి ఉందా లేదా అని చూడాలి. అయితే పద్దెనిమిది నిండనివారిని జువెనైల్ బోర్డు ముందుకు తీసుకెళతారు. 2012 ఢిల్లీ ఘటన తరువాత 2015లో వచ్చిన చట్టం కూడా ఘోర నేరాల్లో, అదీ పదహారు దాటినవారిని మాత్రమే పెద్దల్లా విచారించే వీలు ఇచ్చింది. ఒక్క అంకె పట్టుకుని రెండు దేశాలను పోల్చలేం.

బ్రిస్బేన్ గృహిణి:
మా క్వీన్స్‌లాండ్ సంగతి కూడా వినండి. మాకు 2019లో చేసిన మానవ హక్కుల చట్టం ఉంది. పిల్లలను పోలీసు లాకప్పుల్లో ఉంచడం కోసం 2023లో లేబర్ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. పెద్దల నేరానికి పెద్దల శిక్ష అంటూ 2024 డిసెంబరులో లిబరల్ నేషనల్ ప్రభుత్వం మళ్లీ అదే పని చేసింది. సభలో బలం ఉంటే చాలు, హక్కులకు సెలవు! రాజ్యాంగంలో హక్కుల పట్టిక లేని దేశంలో ఇంతే. ఓటు లేని పిల్లల మీద కఠినంగా ఉంటే ఏ పార్టీకీ నష్టం లేదు.

డార్విన్ నుంచి:
మా నార్తర్న్ టెరిటరీలో అయితే వయసు మెట్లెక్కి దిగింది. నిర్బంధంలో ఉన్న కుర్రాడిని ముఖానికి ముసుగు వేసి కుర్చీకి కట్టేసిన దృశ్యం 2016లో టీవీలో దేశమంతా చూసింది. దానిపై వేసిన రాయల్ కమిషన్ (ప్రభుత్వ విచారణ సంఘం) 12కు పెంచమంది, 2023లో పెంచారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారగానే మళ్లీ 10కి దించారు. పెంచిన చట్టం పనిచేసిందా లేదా అని చూసేంత వ్యవధి కూడా ఇవ్వలేదు.

పశ్చిమ మెల్‌బోర్న్ వాసి:
రాజకీయం సరే. బెయిలు షరతు తప్పిన రాత్రి వాడి ఇంటి తలుపు ఎవరు తట్టాలి? పోలీసులు వద్దంటారు. మరి ఎవరు?

సిడ్నీ న్యాయవాది:
పోలీసులు వద్దని నేననలేదు. క్యాన్‌బెర్రాలో 2025 జులై నుంచి వయసు 14. హత్య వంటి కొన్ని ఘోర నేరాలకు మినహాయింపు ఉంది. కోర్టుకు వెళ్లని పిల్లల కోసం చికిత్స, కుటుంబ సహాయం చూసే ప్యానెల్‌ను అంతకు ముందే చట్టంలో పెట్టారు.

పశ్చిమ మెల్‌బోర్న్ వాసి:
ఆ ప్యానెల్‌కు సిబ్బందినీ డబ్బునూ మెల్‌బోర్న్‌లో ముందు చూపించమనండి, 14 సంగతి తరువాత మాట్లాడదాం. అప్పటివరకు నా ఓటు పదికే.